అరచేతిలో రాజుగారి మిద్దె

దావీదుకు ఆ పాపం చేయడానికి రాజనగరి కావలసి వచ్చింది. ఊళ్లో అందరి ఇళ్లకంటే ఎత్తయిన మిద్దె, సాయంకాలం దాని మీద పచార్లు చేసేంత తీరిక, పైనుంచి ఎవరో చూస్తున్నారని కింద స్నానం చేస్తున్న ఆడమనిషికి తెలియకపోవడం. ఈ మూడూ కుదిరాయి. రెండో సమూయేలు గ్రంథం పదకొండో అధ్యాయం అక్కడ మొదలై ఊరియా శవం దగ్గర తేలింది.

ఇప్పుడు ఆ మిద్దె బరువు 135 గ్రాములు. డీజేఐ అనే చైనా కంపెనీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన నియో డ్రోన్ అంతే తూగుతుంది. హోవర్‌ఎయిర్ ఎక్స్1 ఇంకా తేలిక, 125 గ్రాములు. అరచేతిలో పెట్టుకుని బటన్ నొక్కితే లేస్తుంది. రిమోట్ అక్కర్లేదు, నేర్చుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు. మనిషి ఆకారాన్ని గుర్తుపట్టి వెనకే వస్తుంది, చుట్టూ తిరుగుతుంది, వెనక్కి వెనక్కి పైకి పోయి పేటంతా చూపిస్తుంది, మళ్లీ వచ్చి అరచేతిలో వాలుతుంది. సినిమా వాళ్లకు మాత్రమే అందిన షాట్ ఇంటర్ చదివే కుర్రాడికి అందింది.

మన యువతకు దీని మీద మోజు కలగడంలో వింత లేదు. యూత్ రిట్రీట్‌కో, క్రిస్మస్ ఊరేగింపుకో, పాట వీడియోకో ఇది ఉంటే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. అందం కోరుకోవడం తప్పు కాదు. అయినా ఒక మాట గట్టిగా చెప్పాలి. కింద ఉన్నవాళ్లను అడగకుండా వాళ్ల నెత్తిమీద కెమెరా ఎగరేయడం అన్యాయం. అది పేదల మీద ఎక్కువ పడే అన్యాయం. క్రైస్తవుడి చేతిలోంచి అది లేవకూడదు.

పైకప్పు లేనిది ఎవరికి?

చెన్నైకి ఉత్తరాన మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన మాధవరాన్నే తీసుకుందాం. పైనుంచి చూస్తే మాధవరం అందంగానే ఉంటుంది. ఒక పక్క రెట్టేరి, మరో పక్క నగరానికి తాగునీళ్లిచ్చే పుళల్ చెరువు, పాల కాలనీ, రెండో దశ మెట్రోలో రెండు మార్గాలు ఇక్కడినుంచే మొదలవుతున్నాయి కాబట్టి ఆ పనుల హడావిడి, 2018లో తెరిచిన బస్ టెర్మినస్ నుంచి నెల్లూరుకూ తిరుపతికీ బయల్దేరే బస్సులు, లారీల బారులు, గిడ్డంగులు. రీలుకు ఇంతకంటే ఏం కావాలి?

అదే ఫ్రేములో రేకుల ఇళ్లు కూడా ఉంటాయి. మిద్దె మీద ఆరేసిన బట్టలుంటాయి. తడికలో పాత ఫ్లెక్సీలో చుట్టూ కట్టి, పైన ఏమీ లేకుండా చేసుకున్న స్నానాల మరుగు ఉంటుంది. ఎండాకాలం ఇంట్లో ఉడికిపోలేక మిద్దె మీద చాప వేసుకున్న బాలింత ఉంటుంది.

ఆ తడిక ఎందుకు అంత ఎత్తే ఉంది? వీధిలో నడిచే మనిషి కంటికి అడ్డం రావడానికి అది చాలు. పేదవాడి మరుగు ఎప్పుడూ సగం గోడతో, సగం ఇరుగుపొరుగు మర్యాదతో కట్టుకున్నదే. ఆమె స్నానానికి వెళితే పక్కింటివాడు ముఖం తిప్పుకుంటాడు. ఆ తిప్పుకోవడమే ఆమెకు పైకప్పు. డబ్బున్నవాడికి ఈ మర్యాదతో పని లేదు. అతనికి స్లాబు ఉంది, ఏసీ గది ఉంది, కిటికీకి తెర ఉంది. డ్రోన్ ఎగిరితే అతని ఇంట్లో కనబడేది నీళ్ల ట్యాంకు. ఆమె ఇంట్లో కనబడేది ఆమె. అందుకే దీన్ని అందరికీ సమానమైన ఇబ్బంది అనడం కుదరదు. ఎవరి దగ్గర తక్కువ ఉందో వాళ్ల దగ్గరే ఈ యంత్రం మొదట తీసుకుంటుంది.

మోషే ధర్మశాస్త్రానికి ఈ విషయం తెలుసు. ద్వితీయోపదేశకాండం ఇరవై రెండో అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ఆజ్ఞ ఉంది. ఎవరైనా జారి పడితే ఆ రక్తాపరాధం ఇంటివాడిదే. ఎత్తు నీదైతే, ఆ ఎత్తువల్ల ఇంకొకరికి జరిగే హానికి ముందే అడ్డం కట్టాల్సిన పనీ నీదే. నీ డ్రోన్ నీ మిద్దె. దానికి పిట్టగోడ ఏది?

మన బాప్తిస్మాలు ఎవరు చూస్తున్నారు?

ఇది స్నానాల గదితో ఆగిపోయే సంగతి కాదు. మన సంఘాలకు ఇంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. దాని గురించి మన వేదికల మీద ఎవరూ మాట్లాడటం లేదు.

చెరువులో బాప్తిస్మం జరుగుతోంది. డ్రోన్ పైకి లేచి చుట్టూ తిరుగుతుంది. తెల్లబట్టల్లో నీళ్లలో నిలబడ్డవాళ్ల ముఖాలన్నీ స్పష్టంగా పడతాయి. సాయంత్రానికి అది పాటతో సహా ఇన్‌స్టాగ్రాంలో ఉంటుంది. తీసినవాడికి అది సాక్ష్యం. కానీ సాక్ష్యం అన్న మాటకు కోర్టులో ఇంకో అర్థం ఉంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు ఇప్పటికీ బయటే. 2024 నవంబరు 26న పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు ఆమెకు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వడానికి నిరాకరించింది. ఆమె బాప్తిస్మం పొందిందనీ, క్రమంగా చర్చికి వెళుతోందనీ కోర్టు లెక్కలోకి తీసుకుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తనను కులం పేరుతో దూషించి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసును కొట్టివేసింది. క్రైస్తవుడయ్యాక ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది.

ఈ ఉత్తర్వు అన్యాయమైనదని మనం ఏళ్ల తరబడి చెబుతున్నాం. మతం మారితే కులం పోదని మన వీధులే రుజువు చేస్తున్నాయి. ఆ పోరాటం కొనసాగాలి. కానీ ఆ అన్యాయం తీరేదాకా ఒక బిడ్డ హాస్టల్ సీటు, ఒక తల్లి ఇంటి పట్టా, ఒక తండ్రి ఉద్యోగం ఈ కాగితాల మీద వేలాడుతున్నాయి. తన విశ్వాసాన్ని ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ముందు ప్రకటించాలో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిది. ధైర్యం అతనిది, మూల్యం అతనిది. అతని తరఫున ఒక డ్రోన్ ఆ ప్రకటన చేసేస్తే, చేసినవాడికి వచ్చేవి లైకులు. అతనికి వచ్చేది నోటీసు.

ఫోనుతో తీసినా అదే కదా అనవచ్చు. ఫోను పట్టుకున్నవాడు ఎదురుగా కనబడతాడు. వద్దనుకున్నవాడు తల వంచుకోవచ్చు, కొంగు అడ్డం పెట్టుకోవచ్చు, తీయకు బాబూ అని చెప్పవచ్చు. పైన తిరుగుతున్నదానికి ఎవరు చెబుతారు? అది ఎవరిదో, ఎవరిని చూస్తోందో కిందివాళ్లకు తెలిసేలోపు పని అయిపోతుంది.

చట్టం వదిలేసింది కదా అంటే

250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, అది నిజం. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు ఆ తరగతికి నానో అని పేరు పెట్టి ఆ సడలింపు ఇచ్చాయి. అమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్కే చెబుతారు. చెప్పనివి ఇంకా ఉన్నాయి. దేశమంతా ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడదీసిన పటం ఒకటుంది. ఎగరేసే ముందు అందులో చూసుకోవాలి. నిబంధన మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. పైగా 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతినే నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రమే మినహాయింపు. దుబాయి నుంచి మామయ్య సూట్‌కేసులో తెచ్చిన నియో కస్టమ్స్ కంట్లో బొమ్మ కాదు.

భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కూడా గుర్తుంచుకోవాలి. ఎవరూ చూడరని నమ్మి ఏకాంతంలో ఉన్న స్త్రీని ఆ స్థితిలో చూడటం, చిత్రించడం నేరం. మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు. నేను పువ్వులను తీస్తున్నానండీ అన్న జవాబు పోలీస్ స్టేషన్‌లో ఎంతవరకు పనిచేస్తుందో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

అయినా చట్టాన్ని మాత్రమే నమ్ముకోలేం. అందులో సందులున్నాయి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం, ఒక మనిషి సొంతానికో ఇంటి అవసరానికో వాడుకునే సమాచారాన్ని తన పరిధిలోంచి తీసేసింది. అంటే కంపెనీ నీ ముఖం తీసుకుంటే అడగడానికి ఒక దారి ఉంది. పక్కింటి కుర్రాడు సరదాకు తీసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. చట్టం ఎక్కడ ఆగిపోయిందో అక్కడినుంచి పొరుగువాని ప్రేమించమన్న ఆజ్ఞ మొదలవుతుంది. అది ఆగేచోటే మనమూ ఆగిపోతే మనకు సువార్త ఎందుకు?

వీధికో సీసీ కెమెరా ఉంది, పోలీసులకే డ్రోన్లున్నాయి, మా బుల్లి కెమెరాతో కొత్తగా పోయేదేముంది అని ఇంకో వాదన. నిజమే, 2023లో చెన్నై పోలీసులు అడయారులో ప్రత్యేక డ్రోన్ విభాగమే పెట్టారు. 2024 ఫిబ్రవరిలో హర్యానా సరిహద్దు శంభు దగ్గర పోలీసులు డ్రోన్ల నుంచి రైతుల మీద బాష్పవాయు గోళాలు వదిలారు. రైతులు గాలిపటాలు ఎగరేసి వాటిని దించబోయారు. నెత్తిమీద యంత్రం తిరగడం అంటే భయం అని పేదవాళ్లకు ఇప్పటికే తెలుసు. ఆ చప్పుడు వినగానే మాధవరంలో ఆక్రమణలు తీసేస్తారేమో, కొలతలకు వచ్చారేమో అని గుండె ఝల్లుమనే ఇళ్లుంటాయి. ఆ భయాన్ని మనవంతు ఇంకొంచెం పెంచడమా క్రైస్తవ యువత చేయాల్సింది?

ఒకే కరువు, ఇద్దరు మనుషులు

1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని కరువు తినేసింది. లక్షలాదిమంది చనిపోయారు. ఆ రోజుల్లో మద్రాసు అశ్వికదళంలో అధికారిగా ఉన్న విలోబీ వాలెస్ హూపర్ కెమెరా పట్టుకుని వచ్చాడు. ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి, నిలబెట్టి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఉన్నవాళ్ల పేర్లు మాత్రం లేవు. తీసినవాడి పేరు మిగిలింది. వాళ్లకు తిండి పెట్టకుండా ఫొటోలు తీసుకున్నాడన్న నింద కూడా దానితోపాటు మిగిలింది. పదేళ్లు తిరక్కుండానే, 1886లో మాండలేలో మరణశిక్ష పడ్డ ఖైదీలను తుపాకులతో కాల్చే క్షణాన్ని ఫొటో తీయబోయి అదే మనిషి విచారణకు గురయ్యాడు.

అదే కరువులో, అదే ప్రెసిడెన్సీలో, ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఇంకో పని చేశాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇమ్మని వాళ్లు అడిగినా, ఆ కూలి సాగినన్నాళ్లూ ఇవ్వలేదు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని ఆపాడు. సహాయం ఆగిపోయాకనే, 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర ఒక్కరోజులో 2222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కాలువే ఇప్పుడు మాధవరానికి తూర్పున, ఉత్తర చెన్నైలో మురుగై పారుతోంది.

మిషనరీలను దేవుళ్లను చేయనక్కర్లేదు. కానీ క్లౌ ఒక విషయం గ్రహించాడు. నీ చేతిలోని ముద్ద కోసం నిలబడ్డవాడు నీకు కాదని చెప్పలేడు. కాదనలేనివాడి అవుననడం అవును కాదు. మన యువజన సంఘాలు వరద వచ్చినప్పుడు బియ్యం పంచుతాయి, దుప్పట్లు పంచుతాయి. పైనుంచి తీస్తే ఆ వరస చాలా బాగా కనబడుతుంది. ఆ వరసలో నిలబడ్డ ముసలమ్మను వీడియో తీసుకోవచ్చా అని అడిగితే, బియ్యం సంచి అందేదాకా ఆమె వద్దనదు. అక్కడ అనుమతి అడగడం కూడా ఒక నాటకమే. అక్కడ కెమెరా ఉండకూడదు, అంతే. కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియనివ్వొద్దని ప్రభువు చెప్పింది ఈ చోటుకే.

చూసి దిగివచ్చిన దేవుడు

ఎత్తునుంచి చూడటమే పాపమని కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వెనకే మణలి రిఫైనరీ వైపు నుంచి నూనె కొట్టుకొచ్చి ఎన్నూరు వాగులో, సముద్రంలో పరచుకుంది. జాలర్ల పడవలు, వలలు నల్లబడ్డాయి. ఆ తెట్టు ఎంతదూరం పాకిందో ఆకాశంలోంచి చూసినప్పుడే పూర్తిగా తెలిసింది. అక్కడ పైనున్న కన్ను చూసింది నూనెను. ఆ చూపు నష్టపోయినవాళ్ల పక్షాన పనికొచ్చింది.

తేడా ఇదే. మన చిన్న డ్రోన్ తయారైంది యజమాని వెంట తిరగడానికి. ఎవడు ఎగరేశాడో వాడే మధ్యలో. మాధవరం మొత్తం వాడి వెనక తెర. రోడ్డు ఊడుస్తున్న అక్క కూడా ఆ తెరలో ఒక రంగు చుక్క. 2025 ఆగస్టులో చెన్నై పారిశుద్ధ్య కార్మికులు తమ పనిని ప్రైవేటుకు ఇవ్వొద్దని రిప్పన్ భవనం ముందు 13 రోజులు కూర్చున్నారు. ఆఖరి అర్ధరాత్రి పోలీసులు వాళ్లను ఎత్తేశారు. ఈ నగరంలో చీపురు పట్టినవాళ్లలో తెలుగు మాట్లాడే అరుంధతీయులు తరాలుగా ఉన్నారు. వాళ్లు మన రీలులో నేపథ్యంగా ఉండటానికి పనికొచ్చి, మన ప్రార్థనలో పేర్లుగా లేకపోతే, మన కెమెరాకేమిటి, మన కళ్లకే జబ్బు.

అడవిలో ఒంటరిగా ఉన్న హాగరు, నన్ను చూచుచున్న దేవుడు అని పేరు పెట్టింది. ఆ చూపు ఆమెను పేరుతో పిలిచింది, ఎక్కడినుంచి వచ్చావని అడిగింది. నిర్గమకాండంలో దేవుడు తన ప్రజల బాధ చూశానని చెప్పి ఆగలేదు. దిగివచ్చానన్నాడు. జక్కయ్య చూడటానికి మేడి చెట్టెక్కితే ప్రభువు త్వరగా దిగిరమ్మన్నాడు. ఎవరిదగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వాళ్లకు తిరిగి ఇస్తానన్నది అతను నేల మీదికి వచ్చాకనే.

అందుకే మన యువజన సంఘాల ముందు ఈ నాలుగు నియమాలు పెడుతున్నాం. ఇళ్ల మీదా మిద్దెల మీదా ఎగరేయొద్దు. బాప్తిస్మం, సమాధి కార్యక్రమం, సహాయం పంచే చోటు, ఈ మూడింటిలో డ్రోన్ పూర్తిగా వద్దు. ఆరాధన తీయాల్సి వస్తే ముందే ప్రకటించి, కనబడకూడదనుకున్నవాళ్లకు కారణం అడగకుండా చోటు చూపించండి. ఎవరైనా వచ్చి తీసేయమంటే ఆరోజే తీసేయండి, వాదించొద్దు. పాస్టర్లు, పెద్దలు ఈ మాట సంఘ కమిటీలో తీర్మానంగా రాయించాలి. పిల్లలమీద నెట్టేసి తప్పుకోకూడదు. ఎందుకంటే ఆ వీడియో పెట్టమని అడిగేది చాలాచోట్ల పెద్దలే.

ఇంత చేస్తే సరదా చచ్చిపోతుందంటారా? పుళల్ కట్ట దాకా వద్దు, మీ వీధితోనే మొదలుపెట్టండి. ఆ రేకుల ఇంటి తలుపు తట్టి, అక్కా, ఇక్కడ ఒక కెమెరా ఎగరేయాలనుకుంటున్నాం, మీకు ఇబ్బందా అని అడగండి. ఆమె ఇబ్బందే అంటే డ్రోన్ సంచిలోనే ఉంచండి. ఎందుకు ఇబ్బందో చెబితే కూర్చుని వినండి. మీ వీధి గురించి ఆ మిద్దె ఎంత ఎత్తుకు లేచినా చూపించలేనిది ఆ గుమ్మంలో దొరుకుతుంది.